నీళ్లెట్లున్నయి?

ఈ నెల నీళ్ల బిల్లు చేతిలో పట్టుకుని మా ఆయన వైపు చూశాను. ఆయన అద్దం వైపు చూస్తున్నాడు. మొహం చూసుకునే అద్దం కాదు లెండి, మా హాల్లో తూర్పు గోడను మింగేసిన అక్వేరియం అద్దం. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. మా తాతల కాలపు గాబు దీని ముందు చిన్నబోతుంది.

"నింపడం ఒక్కసారే కదా" అన్నాడు తల తిప్పకుండానే.

పెళ్లి కూడా ఒక్కసారే.

సముద్రపు తొట్టికి కుళాయి నీళ్లు పనికిరావట. మనల్ని ఏమీ చేయనంత రాగి కూడా రొయ్యలకీ పగడాలకీ విషమట. ఫాస్ఫేట్ ఉంటే పాచి పడుతుందట. అందుకని ఆర్‌వోలో వడగట్టి, మళ్లీ రెజిన్‌లోంచి పంపి, టీడీఎస్ మీటరు సున్నా చూపించేదాకా కడగాలి. నీళ్లను కడగడమన్న మాట నేను ఈ ఇంట్లోనే విన్నాను. ఒక లీటరు చేతికి రావాలంటే మూడు లీటర్లు కాలవ పాలు. తొట్టికి పట్టేది 3,400 లీటర్లు. అంటే పదివేల లీటర్లు, మా వైపు లెక్కలో రెండు ట్యాంకర్లు, ఆరు పగళ్లూ ఆరు రాత్రులూ సన్నటి గొట్టంలోంచి జారిపోయాయి.

నేను ఊరుకున్నానా? గొట్టం కింద డ్రమ్ము పెట్టాను. ఆ నీళ్లతో దుప్పట్లు ఉతికాను, కర్టెన్లు ఉతికాను, ఉతికినవే మళ్లీ ఉతికాను. కరివేపాకు చెట్టు ఇక చాలు మొర్రో అంది. పక్కింటి గడ్డికి కూడా పోశాను. ఐదో రాత్రి పడుకుని ఆ ధార చప్పుడు వింటుంటే, ఎక్కడో కుళాయి కట్టేయడం మరిచిపోయానన్న భయంతో మూడుసార్లు లేచాను. ఇంత చేసి, అందులో ఉన్నవన్నీ తీసేసి సున్నాకి తెచ్చిన నీళ్లలో ఏడో రోజు ఆయన ఏం చేశాడో తెలుసా? లీటరుకు 35 గ్రాముల లెక్కన 120 కిలోల ఉప్పు కలిపాడు.

నాది నల్లగొండ జిల్లా. ఆ మాటతో నా బాధ సగం అర్థమయ్యే ఉంటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పని పుస్తకాల్లో రాస్తారు. అది దాటితే ఏమవుతుందో మేము పుస్తకాల్లో చదవలేదు, అరుగుల మీద చూశాం. నలభై ఏళ్లకే నడుం వంగినవాళ్లు, పచ్చబడిన పళ్లు కనపడకుండా పెదవి బిగించి నవ్వే ఆడపిల్లలు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ నీళ్ల గోస దేశానికి వినపడాలని నల్లగొండలో 480 మంది పోటీకి నిలబడ్డారు. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలాగా అచ్చు వేయాల్సి వచ్చింది. అంత పుస్తకం వేయించి అడిగిన నీళ్లను ఈయన గంటకోసారి మీటరు పెట్టి పారబోస్తుంటే నేను కళ్లు మూసుకోవాలా?

ఈయనది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువుల కుటుంబం. మా సంబంధం వచ్చినప్పుడు మా నాయిన ఉద్యోగం అడగలేదు, జాతకం అడగలేదు. "నీళ్లెట్లున్నయి?" అని అడిగాడు. మా దగ్గర పిల్లను ఇచ్చేముందు అడగాల్సిన మొదటి మాట అది. చూసి వద్దామని వెళ్లాడు. దారి పొడుగునా కాలవలు, చెరువులు, ఎటు చూసినా నీళ్లే. మా నాయిన బస్సు కిటికీలోంచి కళ్లు తిప్పుకోలేదట. పిల్ల బతికిపోయిందనుకున్నాడు. తీరా ఇంటికెళ్తే మా అత్తగారు ఇరవై లీటర్ల క్యాను వంచి గ్లాసులో పోసిచ్చారు. చెరువులొచ్చాక బోరు నీళ్లు ఉప్పబడ్డాయి, తాగేవి కొనుక్కుంటామన్నారు. మా నాయిన ఆ గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడట. తిరిగొచ్చి మా అమ్మతో "ఇన్ని నీళ్ల నడుమ గూడ కొనుక్కునే తాగుతున్రు" అని మాత్రం అన్నాడు. సంబంధం మాత్రం ఖాయం చేసుకునే వచ్చాడు. నీళ్లు లేనివాళ్లూ, ఉండీ లేనివాళ్లూ, సరిపోతుందనుకున్నాడేమో.

సరే, తొట్టికి వద్దాం. ఒక్క సంగతి ఒప్పుకోవాలి. రెండేళ్లు ప్లాన్ చేశాడు. మేడ మీద పెడదామంటే కుదరదు. ఇక్కడ టెక్సాస్ ఇళ్లలో నేల చదరపు అడుగుకి 40 పౌండ్ల బరువుకి లెక్కగడతారు. ఇది 250 పడుతుంది. అందుకని కింద, నేలకి పరిచిన కాంక్రీటు స్లాబు మీద. ఆ స్లాబులో ఉక్కు తీగలు లాగి బిగించి ఉంటాయి, ఎక్కడపడితే అక్కడ డ్రిల్లు పెట్టకూడదు. ఇంజనీరుని పిలిచి చూపించాడు. గోడ అవతల గరాజ్‌లో ఒక గది చేయించి, తొట్టిలోంచి నీళ్లు పొర్లి దిగే సంపు, మురికిని నురగగా లాగేసే స్కిమ్మరు, పంపులు, హీటర్లు అందులో పెట్టాడు. ఈ దేశంలో చేపకి ఇల్లు కట్టడానికి కూడా ఇంజనీరు సంతకం. మా ఊళ్లో మనుషుల ఇంటికి మేస్త్రి బీడీ ముట్టించి, కాలితో గీసిందే ప్లాను. ఆ ఇల్లు నలభై ఏళ్లయినా చెక్కు చెదరలేదు, అది వేరే విషయం.

మా మావయ్యగారికి వీడియో కాల్‌లో వివరించబోయాడు. "మొత్తం నాలుగున్నర టన్నులు నాన్నా."

"నాలుగున్నర టన్నులే! ఎకరానికా?"

"పట్టుబడి కాదు నాన్నా, తొట్టి బరువు."

"ఓహో. పిల్ల ఎంత వదుల్తున్నావ్?"

"పదకొండు."

"పదకొండు లక్షలా?"

"పదకొండు చేపలు."

అవతల ఏరేటర్ల చప్పుడు తప్ప కాసేపు ఏమీ వినపడలేదు.

ఆ పదకొండు కూడా వెంటనే రాలేదు. అయిదు వారాలు ఉత్త రాళ్లే. వ్యర్థంలోంచి పుట్టే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడాలి. అది కాకముందు చేపను వదిలితే చచ్చిపోతుంది. ఈలోగా చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ ఆయన ఆ రాళ్లనే చూపించాడు. గృహప్రవేశానికి పిలిచి పునాది చూపించినట్టు.

ఒకరోజు పార్సిల్లో డబ్బా వచ్చింది. కాల్క్‌వాసర్ అట. జర్మన్ మాట. పగడాలు ఒళ్లు కట్టుకోవడానికి కాల్షియం కావాలి, అందుకని తొట్టిలో ఆవిరైపోయిన నీళ్లకి బదులు దీన్ని చుక్కచుక్కగా దింపాలట. తెల్లటి పొడి. నీళ్లలో కలిపి, కింద తేరుకోనిచ్చి, పైతేట తీసుకోవాలని చెబుతుంటే నాకు నవ్వాగలేదు. సున్నపు తేట! మా నాయనమ్మ తమలపాకు మీద వేలితో రాసిన సున్నం. మావయ్యగారు చెరువులో చల్లే సున్నం. ఫ్లోరైడ్ తీయడానికి నీరీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కనిపెట్టిన పద్ధతిలో పటికతోపాటు కలిపేదీ ఆ సున్నమే. ఆ పద్ధతికి ప్రపంచమంతటా మా ఊరి పేరే, నల్లగొండ టెక్నిక్ అంటారు. జర్మన్ పేరు పెడితే డబ్బాకి డాలర్లు, నల్లగొండ పేరు పెడితే చదివేవాడు లేడు. ఈ మాట ఆయనతో నాలుగుసార్లు అన్నాను. ఇక్కడ అయిదోసారి.

పగడం అంటే నాకు తెలిసింది మా అమ్మ పుస్తెలతాడులో నల్లపూసల మధ్య ఎర్రపూస. ఇది అది కాదు. ఇది జంతువు. రాత్రి నీలం లైట్లు వేసినప్పుడు దగ్గరగా చూస్తే ఒక్కో కన్నానికీ ఒక నోరు, నోటి చుట్టూ వేళ్లు, ఆ వేళ్లు మేత కోసం చాపుకుని ఉంటాయి. పగలు దాని ఒంట్లోనే కాపురముండే నాచు ఎండని తిండిగా మార్చి పెడుతుంది. అద్దానికి ముక్కు ఆనించి ఒక రాత్రి అరగంట నిలబడ్డాను. ఆయన చూడకముందే వచ్చి పడుకున్నాను.

అసలు ఈ పిచ్చిని నేను ఎందుకు ఆపలేకపోయానో చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టింది. లక్షల ఇళ్లకి కరెంటు పోయింది, మాకూ పోయింది. అప్పుడున్నది 180 గ్యాలన్ల పాత తొట్టి. నల్లగొండ పిల్లని కదా, కరెంటు పోగానే ఎవరూ చెప్పకముందే స్నానాల తొట్టి, గిన్నెలు, కుక్కర్లు కూడా నీళ్లతో నింపేశాను. చేపల నీళ్లు రెండో రాత్రికి 25 డిగ్రీల నుంచి 18కి దిగాయి. మావయ్యగారు ఫోన్‌లో ఒకటే మాట: "చలికన్నా ముందు గాలందక పోతాయిరా. చెంబుతో ఎత్తి పైనుంచి పొయ్యండి. అమ్మాయ్, వాడు నిద్రపోతే నువ్వు పొయ్యి." చెరువులో తెల్లవారుజామున కరెంటు పోతే ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు.

పోశాను. రెండు దుప్పట్లు కప్పుకుని, స్టూలెక్కి, చెంబుతో ముంచి, జానెడు ఎత్తు నుంచి, మళ్లీ ముంచి. వేళ్లు కొంకర్లు పోయాయి. నీళ్లు పారబోయడమంటే ప్రాణం పోయే మనిషిని, ఆ రాత్రంతా నీళ్లు పోస్తూనే ఉన్నాను. తెల్లారాక ఒక అమెరికన్ పెద్దాయన మంచులో ట్రక్కు నడుపుకుంటూ వచ్చి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఇచ్చిపోయాడు. అంతకుముందు ఒకే ఒక్కసారి, పగడం ముక్క ఇచ్చిపుచ్చుకోవడానికి కలిసిన మనిషి. ఈ తొట్టి పిచ్చివాళ్లు పగడపు కొమ్మలు కూడా మనం కనకాంబరం నారు పంచుకున్నట్టే పంచుకుంటారు. మా వాడకట్టులోనూ పెళ్లికి బిందెలడిగితే లేదన్నవాళ్లు లేరు. కానీ ఆ మంచులో వాళ్లు వచ్చేవాళ్లా అంటే, మా ఊళ్లో మంచు పడదు.

మూడో రోజు కుళాయిలు కూడా ఆగిపోయాయి. నేను పట్టిన నీళ్లు గిన్నెలకీ బాత్రూముకీ అయిపోయాయి. మిగిలింది గరాజ్‌లో చేపల కోసం కడిగి ఉంచిన డ్రమ్ము. సున్నా టీడీఎస్. గ్యాస్ స్టవ్ అగ్గిపుల్లతో వెలిగించి ఆ నీళ్లతో చాయ్ పెట్టాను. సప్పగా, ఉప్పూ పప్పూ లేని మాటలా ఉంది. రెండు రోజులు పిల్లలతో సహా అదే తాగి బతికాం. అప్పటి నుంచి నాదో షరతు. ఎంత తొట్టి కట్టుకున్నా సరే, ఒక డ్రమ్ము నాది. దాని మీద మార్కర్‌తో నా పేరు రాసుకున్నాను.

నిన్న మా నాయినకి వీడియోలో కొత్త తొట్టి చూపించాను. కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"అన్నీ నీళ్లేనా బిడ్డా?"

"నీళ్లే నాయినా."

"ఎట్లున్నయి?"

"ఉప్పగున్నయి."

ఆగాడు. "మరి మీరేం తాగుతున్రు?"

ఫోను డ్రమ్ము వైపు తిప్పాను.