విద్యానగరులో యంత్రవైద్యము

సికింద్రాబాదునుండి ఫలక్‌నుమాకు పోవు రైలుదారిలో సీతాఫల్‌మండి దాటిన పిమ్మట ఆర్ట్సు కాలేజి, జామియా ఉస్మానియా, విద్యానగరు అను మూడు చిన్న స్టేషనులు వరుసగా వచ్చును. మూడును చదువుల పేర్లే. ఆ ప్రాంతపు స్వభావమెట్టిదో బండి దిగకమునుపే ప్రయాణికునకు తెలిసిపోవును. పుస్తకముల చదువేకాక చేతుల చదువు కూడ అచ్చట నెట్లు సాగుచున్నదో యీ నడుమ కన్నులార చూచి వచ్చితిని. దానిని సోదరీమణులతో పంచుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను రైలులో పోలేదు. తార్నాక కూడలియొద్ద మెట్రోబండి దిగి విశ్వవిద్యాలయపు ఆవరణము మీదుగా దక్షిణముగా నడచితిని. 2017లో తెరచిన ఆ మెట్రోదారి తార్నాకకు నడినెత్తిని పోవుచుండగా, క్రింద బస్సులు, ఆటోలు, ఆర్టీసీ ఆసుపత్రికి పోవు రోగులు, పుస్తకాల సంచులతో విద్యార్థులు ఒకరినొకరు తోసికొనుచుందురు. ఆవరణములో నాలుగడుగులు వేయగానే ఆ రొద వెనుకబడును. చెట్లనీడ, బండరాళ్ళు, విశాలమైన బాటలు ఎదురగును.

ఈ విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడినది. ఇంగ్లీషు చదువులే చదువులని దేశమంతయు నమ్మిన కాలమున ఇచ్చట ఉర్దూ భాషలో ఉన్నతవిద్య గరపిరి. ఆర్ట్సు కాలేజి భవనమునకు రూపకల్పన చేసినవాడు బెల్జియము దేశీయుడగు ఎర్నెస్టు జాస్పరు. 1934లో పునాదిరాయి పడి, 1939 డిసెంబరులో ప్రారంభోత్సవమయ్యెను. గులాబిచాయ గల ఆ రాతిగోడలు సాయంకాలపుటెండలో చూడదగినవి. అవతల విద్యానగరు చాయల దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసున నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభకు చెందిన ఆసుపత్రి కలదు. మన చదువరులలో పెక్కుమంది యెరిగినదే గనుక దానిని గూర్చి విస్తరింపను.

నేను చేరవలసిన చోటు వీటియన్నిటికంటె చిన్నది. విద్యానగరు సందులలో మోటారు సైకిళ్ళు బాగుచేయు రేకులషెడ్డు అది. మా మేనకోడలు విశ్వవిద్యాలయములో పరిశోధన చేయుచున్నది. మా తండ్రిగారు నడపిన పాత మోటారు సైకిలును అచ్చటికి తోయించి, "అత్తా, నువ్వు కూడా వచ్చి చూడు" అని నన్ను పిలిచినది. నాలుగేండ్లుగా ఆ బండి మా యన్నగారి వాకిట వానకు తడిసి ఎండకు ఎండినది. మా వదినగారు దానిని తూకమునకు అమ్మివేయవలెనని పట్టుబట్టి, ఇనుపసామాను వానికి కబురు పంపుటకు గడువు కూడ పెట్టిరి.

ఆ బండి బి.ఎస్.ఎ. వారి ఎం 20. ఇంగ్లండులోని బర్మింగ్‌హామున 1937 మొదలు తయారైనది. రెండవ ప్రపంచయుద్ధములో బ్రిటిషు సైన్యములకై రమారమి 1,26,000 బండ్లు చేసిరి. 1940 నవంబరులో ఆ కర్మాగారముపై బాంబులు పడి 53 మంది పనివాండ్రు మరణించిరి. యుద్ధానంతరము సైన్యము విడిచిన బండ్లలో మా తండ్రిగారిది యొకటి.

ఇంజను అడుగున నుండు నూనెతొట్టిని పనివారు సంపు అందురు. మన యిండ్లలో నీళ్ళు నిలువచేయు సంపుకును దీనికిని పేరొకటే, పని వేరు. కారులో నూనెయంతయు అడుగుతొట్టిలోనే నిలిచియుండును. ఈ బండిలో నట్లు కాదు. నూనె వేరొక డబ్బాలో నుండును. పంపు దానిని ఇంజనులోనికి త్రోయును. పని ముగించుకొని అడుగునకు జారిన నూనెను ఆ పంపులోని రెండవ భాగము పీల్చి మరల డబ్బాకు చేర్చును. కావున అడుగున పెద్దతొట్టి లేక, జల్లెడతో కూడిన చిన్న మూతపలక మాత్రము నాలుగు నట్లతో బిగింపబడి యుండును. ఆ పలక ఊడినగాని జల్లెడ కడుగుటకు వీలులేదు. మా బండికి ఆ పలకయే ఊడకున్నది.

కారణము వింతయైనది కాదు. ఎన్నడో యెవరో పలకకును ఇంజనుకును నడుమ కాగితపు గాస్కెట్టు పెట్టి, కారకుండుటకై దట్టముగా లక్కవంటి జిగురు పూసిరి. అది యేండ్ల తరబడి వేడికి ఉడికి రాయివలె గట్టిపడినది. నట్లు తుప్పుపట్టినవి. అంతకుమునుపు వేరొకచోట పనినేర్చుకొను కుర్రవాడొకడు స్క్రూడ్రైవరు దూర్చి పెకలింప జూచి, మెత్తని అల్యూమినియముపై లోతైన గాటు పెట్టినాడు. ఇంకొక్కసారి అట్లు చేసినచో అంచు పగులును. ఇంజను పెట్టె రెండు దొప్పలును జంటగా చెక్కినవి. ఒకటి చెడినచో రెండవదానికి సరిజోడు దొరకుట కష్టము. అంతేకాదు. 50 ఏండ్లు దాటిన బండ్లను పాతకాలపు వాహనములుగా నమోదు చేయుటకు 2021లో కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. బండి తన మొదటిరూపుననే యుండవలెను, ఇంజనును మార్చియుండరాదు. ఆ నమోదుపై ఆశతోనే మా మేనకోడలు రుసుమునకై 20,000 రూపాయలు కూడబెట్టుకొన్నది.

షెడ్డు పెద్దను అందరును ఉస్తాదనియే పిలుతురు. అరువది యేండ్లవాడు. బండిని ప్రక్కకు వంచి, గాటును వ్రేలితో తడిమి, చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "ఇది జబర్దస్తీకి రాదు బిడ్డా. ఇయ్యాల నూనె తాపిద్దాం, రేపు సూద్దాం" అనెను.

"చాచా, రేపటికి కూడా రాకుంటే?"

"ఎల్లుండి సూద్దాం. దానికి తొందర లేదు, మనకే ఉన్నది."

ముందుగా పెట్రోలు తీసివేయించి బండిని దూరముగా నిలిపెను. తుప్పు దులిపి, నట్లకును పలక అంచునకును కిరసనాయిలు కలిపిన పలుచని నూనె చుక్కచుక్కగా పెట్టి రాత్రియంతయు విడిచెను. మరునాడు మేము పోవునప్పటికి నీళ్ళు కాగుచుండెను. గుడ్డలు వేడినీటిలో ముంచి పిండి ఇంజను అడుగున చుట్టబెట్టి, చల్లారగానే మార్చుచుండెను. మంట మాత్రము దరికి రానీయలేదు.

ఇందలి సూత్రము మన వంటయింటిదే. స్టీలుగ్లాసులో గ్లాసు బిగిసికొనిపోయినపుడు లోపలిదానిలో చన్నీళ్ళు పోసి, వెలుపలిదానిని వేడినీళ్ళలో నుంచుదుము గదా! వేడికి వెలుపలిది రవంత పెరిగి లోపలిది వదులగును. ఒకే వేడికి అల్యూమినియము ఇనుముకంటె రమారమి రెండింతలు పెరుగును. ఇంజను పెట్టె అల్యూమినియము, పలకయు మరలును ఇనుము. వేడిచేసి చల్లార్చినకొలది రెంటినడుమ పట్టు సడలి, నూనె ఆ సందులలోనికి ప్రాకును.

నట్లకు నేటి మిల్లీమీటరు పానాలు సరిపోవు; పాత ఇంగ్లీషు కొలతల పానాలు కావలెను. ఉస్తాదు వానిని గుడ్డలో చుట్టి దాచియుంచినాడు. ప్రతి నట్టును మొదట వెంట్రుకవాసి బిగించి, తుప్పు చిట్లిన చప్పుడు విని, అటుపిమ్మట వదులుచేసెను. ఒక మూలదాని తరువాత ఎదురుమూలది, కొంచెము కొంచెముగా వదల్చెను. నాల్గింటిని పూర్తిగా తీయక కొనలయందే నిలిపెను. పలక హఠాత్తుగా ఊడినను క్రిందపడకుండుటకు అదియే ఉపాయము. పిమ్మట కొయ్యసుత్తితో పలక ప్రక్కలను మెల్లగా తట్టెను. మూడు వైపుల తట్టినను కదలలేదు. పలుచని బ్లేడును గాస్కెట్టు కాగితములోనికి పోనిచ్చి, పెకలింపక, వెన్న కోసినట్లు చుట్టును త్రిప్పెను. మరల గుడ్డ, మరల సుత్తి. నాల్గవసారి చిన్న నిట్టూర్పువంటి చప్పుడయ్యెను. నల్లని నూనె పళ్ళెములోనికి ధారకట్టెను.

రెండు లీటర్ల వరకు వచ్చినది. బండి నిలిచియున్న యేండ్లలో పైడబ్బాలోని నూనె మెల్లగా క్రిందికి జారి చేరినదట. జల్లెడ మీద గుజ్జు తారువలె పేరుకొనియున్నది. పీల్చుగొట్టములో నూనెను వెనుకకు పోనీయని చిన్న గుండు కలదు. ఉస్తాదు సన్నని తీగెతో దానిని పైకెత్తి విడువగా అది పడలేదు, గుజ్జులో నంటుకొనియున్నది. మా తండ్రిగారి చివరిరోజులలో బండి నీలిపొగ క్రక్కుటకు హేతువు అప్పుడు తేటపడినది. నూనె తిరిగి డబ్బాకు పోలేక ఇంజనులోనే నిండి కాలిపోవుచుండెడిది. ఇంజను అరిగినదని అందరును తీర్మానించి బండిని మూల పెట్టించిరి. అరుగుదల కాదు, మురికి.

తరువాతి పని మా మేనకోడలిచేతనే చేయించెను. అంటియున్న జిగురును వెదురుచెక్కతో గీకించెను, ఇనుపది తగులనీయలేదు. గాజుపలకమీద ఎమిరీ కాగితము పరచి, వంకరపోయిన మూతను దానిపై రుద్దించి సమము చేయించెను. గాస్కెట్టు కొనలేదు. దళసరి కాగితమును పలకమీద నుంచి అంచుల వెంబడి చిన్నసుత్తితో తట్టగా రూపు తానై తెగివచ్చెను. బిగించునపుడు, "గట్టిగ బిగిస్తే కారదనుకుంటరు, గట్టిగ బిగిస్తేనే పలక వంగి కారుతది" అని హెచ్చరించెను. ఆ కుర్రవాడు పెట్టిన గాటును మాత్రము పూర్తిగా పూడ్చుట సాధ్యపడలేదు.

క్రొత్తనూనె పోసి, పెట్రోలు పెట్టి, పదునాలుగు తన్నులు తన్నిన పిమ్మట ఇంజను పలికెను. డబ్బామూత తీసి లోనికి చూడుమని ఉస్తాదు మమ్ము పిలిచెను. తిరిగివచ్చు గొట్టమునుండి నూనె సన్నగా, ఆగియాగి, డబ్బాలోనికి పడుచుండెను. ఆ బండి ఆరోగ్యమునకు అదియే నాడి.

విశ్వవిద్యాలయమును చూడబోవు సోదరీమణులు ఆర్ట్సు కాలేజి మెట్లయొద్దనే వెనుదిరుగక, విద్యానగరు సందులలోనికి కూడ రెండడుగులు వేయుదురుగాక. బిగిసిన వస్తువును బలముతో గెలుచువారు పలువురు. అది యెచ్చట పట్టుకొనియున్నదో కనిపెట్టి విడిపించువారు కొలదిమంది. వారు పట్టభద్రులు కాకపోవచ్చును గాని పండితులే.

బండి ఇల్లు చేరినది. మరునాటి యుదయము దాని క్రింద పరచిన వార్తాపత్రికమీద గాటు చోటునుండి రాలిన రెండు నూనెచుక్కలు కనబడినవి. మా వదినగారు వంగి చూచి, "రోజుకొక కాగితం మారిస్తే సరిపోతుందిలే" అని లోనికి పోయిరి. ఇనుపసామాను వానికి కబురు వెళ్ళలేదు.