ఖాళీ కాయిదం

ప్రామిసరీ నోటును తెలుగు పాఠంగా ఎవరూ చదవరు. నేను చదివిన. తెలుగుల డాక్టరేట్ చేసినోళ్లకుండే జబ్బు అనుకోండి. "నా కుటుంబ అవసరముల నిమిత్తం" అని మొదలై, "మీరు కోరినప్పుడు మీకు గాని, మీ అనుమతి పొందినవారికి గాని చెల్లించగలవాడను" అని ముగుస్తది. ఈ ఒక్క వాక్యంల రెండు ముండ్లున్నయి. కోరినప్పుడు అంటే రేపే అడగొచ్చు. అనుమతి పొందినవారు అంటే నోటు చేతులు మారొచ్చు. అక్క దగ్గర తీసుకున్న అప్పు కోసం రేపు ముక్కూమొహం తెలియనోడు వచ్చి గడపల కూసోవచ్చు.

రసూల్‌పురల ఉండే మా చిన్నమ్మ కొడుకు ట్రాలీ ఆటో కొనుక్కుంటనని లక్షన్నర అడిగిండు. ఇస్త గానీ రాసుకుందాం అన్న. తమ్ముడు తల దించుకున్నడు. చిన్నమ్మ మాత్రం ఊకోలే. "రక్తసంబంధం నడుమ కాయిదమేంది బిడ్డా?" అన్నది. మా నాయిన ఇంకా గట్టిగ అన్నడు: "కాయిదం రాపిచ్చుకునుడు దొరల పని. నువ్వెప్పుడు దొరసానివైనవే?"

ఆ మాట వెనక మా తాత ఉన్నడు. మేనత్త పెండ్లికి తెచ్చిన అప్పుకు తాత వేలి నిశాని వేసిన కాయిదం మీద ఏం రాసి ఉండెనో మా ఇంట్ల ఎవరికీ తెల్వది. వేసిననాడు దానిమీద రాతే లేదు. స్టాంపు అంటించిన ఖాళీ కాయిదం. మూడేండ్లు నిండకముందే పిలిచి కొత్త కాయిదం మీద మళ్లా వేయించేటోళ్లు. ఎందుకో తాతకు తెల్వది, ఇప్పుడు నాకు తెలుసు. లిమిటేషన్ చట్టం ప్రకారం ఆ నోటుకు మూడేండ్లే ప్రాణం. అది పోకముందే తిరగరాయించుకోవాలె, మిత్తిని అసలుల కలపాలె. ఆ అప్పు కిందనే నాయిన పదేండ్లప్పుడు జీతమున్నడు. మా ఇంటి పెద్దోళ్లు కాలాన్ని గూడ అట్లనే లెక్కపెడతరు: "రెండోసారి నోటు తిరగరాసిన యేడు ఆ పిల్ల పుట్టింది" అని.

ఒక పక్కమాట. నాయినదీ జీతమే, నాదీ జీతమే. మాట ఒక్కటే. ఆయనకు యేడాదికిన్ని వడ్లు, నాకు ఒకటో తారీఖున ఖాతాల పైసలు. మా వాడల నెలజీతం మొదలు నాకే వచ్చింది గనుక అందరికీ బ్యాంకును నేనే. అసలు బ్యాంకు పర్సనల్ లోనుకు సాలరీ స్లిప్ అడుగుతది. ఆటో తోలేటోనికి అదెక్కడికెల్లి వస్తది? సుమతీ శతకకారుడు ఉండదగిన ఊరికి చెప్పిన నాలుగింటిల ముందు అప్పిచ్చేటాయన, ఆఖరున ద్విజుడు. అది ఊరి లెక్క. వాడ లెక్క ఎవరూ రాయలే.

1976ల వెట్టి చాకిరి రద్దు చట్టం వచ్చింది. అండ్ల ఒక సెక్షన్ నాకు చానా ఇష్టం. ఇది వెట్టి అప్పు అని పనిచేసినోడు అంటే సాలు, కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినోడే. కాయిదాలు ఎవరి పెట్టెల ఉంటయో ఎరిగినోళ్లు రాసిన మాట అది.

కాబట్టి నాయిన కోపం న్యాయమే. అయితే తాతను ముంచిన కాయిదం మీద రాత లేదన్న సంగతి మనం మరిచిపోతున్నం. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ చూడండి. స్టాంపు ఉన్న ఖాళీ కాయిదం మీద సంతకం పెట్టి ఇస్తే, ఆ స్టాంపు మోసేంత మొత్తం దాకా నింపుకునే అధికారం పట్టుకున్నోనికి ఇచ్చినట్టే. ఇంకోటి, 80వ సెక్షన్. "మనల మనకు మిత్తేంది" అని నోట్ల ఆ ముచ్చటే రాయకుండ వదిలేసినం అనుకోండి, కోర్టుకు పోతే యేడాదికి నూటికి 18 లెక్క కడతరు. ప్రేమతోని వదిలిన జాగను దొర నింపకపోతే చట్టం నింపుతది.

మరి కాయిదమే లేకుంటే? చేబదులు అనేది మంచి తెలుగు మాట. చెయ్యి ఉంది, బదులు ఉంది, రాత లేదు. పదేండ్ల తర్వాత ఎంత ఇచ్చిన, ఎంత ముట్టింది అనే పంచాయితీ వస్తే పెండ్లి పందిట్ల చుట్టాలు ఎవరి మాట నమ్ముతరు? లెక్చరర్ మాటనా, ఆటో డ్రైవర్ మాటనా? నాకు జవాబు తెలుసు, అందుకే రాత అడిగిన.

ప్రామిసరీ నోటు వద్దనుకున్నం. వంద రూపాయల స్టాంపు పేపర్లు రెండు తెచ్చి, బేగంపేటల ఒక ఇరానీ హోటల్ల కూసొని ఒప్పందం రాసుకున్నం. తమ్ముడే తన చేతితోని రాసిండు. లక్షా యాభై వేలు, నెలకు 5,000, 30 వాయిదాలు. మిత్తి లేదు, లేదన్న మాట అక్షరాలల్ల. ఈ అప్పును అక్క ఇంకెవరికీ బదలాయించొద్దు. తనకేమన్న అయితే మరదలినీ పిల్లలనూ అడగొద్దు. ఈ ఆఖరుదానికి తమ్ముడు కలం ఆపిండు. రాయి అన్న. పైసలు ఖాతా నుంచి ఖాతాకే పంపిన. 20,000 గానీ అంతకెక్కువ గానీ అప్పును నగదుగ తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద జరిమానా పడేది తీసుకున్నోనికే. ఈ సంగతి మనోళ్లల చానామందికి తెల్వది. సాక్షి సంతకం చిన్నమ్మది. వయోజన విద్యల నేర్చుకున్న సంతకం, రెండు కాపీల మీదా నిమ్మలంగ, ఒక్కో అక్షరం గీసింది.

నాయినకు రెండుసార్లు సదివి వినిపించిన. మిత్తి గురించి అడగలే, వాయిదాల గురించి అడగలే. "రెండో కాయిదం ఎవరికాడ ఉంటది?" అన్నడు.

"తమ్మునికాడ."

జరసేపు ఊకున్నడు. "మా నాయినకు ఇయ్యలే" అన్నడు.

ఇప్పటికి నాలుగు వాయిదాలు ముట్టినయి. ఐదోది పదిహేను రోజులు ఆలస్యమైతదని, ఆటోకు ఇంజన్ పని పడ్డదని తమ్ముడు ముందుగాలనే ఫోన్ చేసిండు. ఆదివారం వచ్చి తన కాపీ వెనక, నా కాపీ వెనక కొత్త తేదీ రాసిపోయిండు.