ఒక్క మకారం కోసం

తెరమీది మనిషి పెదవులు కలిస్తే, వినబడే మాటలో ప, బ, మలలో ఏదో ఒకటి పడాలి. డబ్బింగు చిత్రాలకు మాటలు రాసేవారికి ఇది ఓనమాలవంటిది. 1950లో ‘ఆహుతి’ హిందీనుంచి తెలుగులోకి వచ్చినప్పుడు దానికి రాసిన శ్రీశ్రీ మొదలు నేటివారి దాకా అందరూ పెదవులను చూసి మాటను వెదికినవారే. అవధానంలో నిరోష్ఠ్యి అడిగే పృచ్ఛకుడు పెట్టే చిక్కువంటిదే ఇదీను. మొన్నటి వేసవిలో నా నెత్తిన పడ్డ పని దీనికి సరిగ్గా ఎదురు. మాట సిద్ధంగా ఉంది, పెదవులను మార్చాలి.

మాదాపూరులో నాతో పనిచేసే మిత్రుడొకడు లఘుచిత్రం తీశాడు. అందులో తండ్రి వేషం మా మావయ్యది. బడిపంతులుగా పదవీ విరమణ చేసిన మనిషి, పరిషత్తు నాటకాల్లో ఆరితేరినవారు. చివరి సన్నివేశంలో కొడుకు ముఖంలోకి చూస్తూ “ఇల్లు అమ్మేశాను” అన్నారు. ఎడిటింగు పూర్తయ్యాక మావాడు కథ మార్చాడు. తండ్రి ఇల్లు అమ్మడట, కొడుక్కే ఇచ్చేస్తాడట. మళ్ళీ తీద్దామంటే, అద్దెకు తీసుకున్న ఆ ఇంటిని అప్పటికే పడగొట్టేశారు. “ఇల్లు రాసిచ్చేశాను” అని గొంతు మార్చి చూశాం. ఆ మాటలో పెదవులు మూసే అక్షరం ఒక్కటీ లేదు. తెరమీద మాత్రం మావయ్య ‘మ్మ’ దగ్గర గట్టిగా పెదవులు బిగించారు.

మందు మాత్రం మా ఆఫీసుకు దగ్గరలోనే పుట్టింది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో సి.వి. జవహర్ గారి బృందం 2020లో ‘వావ్‌టులిప్’ అనే పద్ధతిని ప్రకటించింది. ముఖాన్నీ ధ్వనినీ ఇస్తే ఆ ధ్వనికి తగ్గ నోటిని అది గీస్తుంది. అందులో ఒక చిత్రకారుడూ ఒక పరీక్షకుడూ ఉన్నారనుకోండి. ఐదేసి ఫ్రేములు, అంటే సెకనులో ఐదోవంతు, చూసి పెదవులూ ధ్వనీ కలిశాయో లేదో చెప్పడం పరీక్షకుడికి ముందే నేర్పేస్తారు. ఆపైన అతడు మారడు. అతణ్ణి ఒప్పించేదాకా చిత్రకారుడే దిద్దుకోవాలి. ముఖంలో కింది సగాన్ని చెరిపి ఇచ్చి, దాన్ని పూరించమంటారు. సొంత అవసరాలకూ పరిశోధనకూ మాత్రమే వాడుకొమ్మన్నారు. మా చిత్రానికి ఎలాగూ పైసా రాబడి లేదు.

దృశ్యాన్ని సిద్ధం చేయడమే అసలు తంటా. ప్రతి ఫ్రేములోనూ ముఖం కనబడాలి, లేకుంటే యంత్రం మొరాయిస్తుంది. గడ్డం కింద కాస్త చోటు వదలాలి. ముఖం ఎక్కడుందో ఫ్రేము ఫ్రేముకూ సర్దే సదుపాయం శ్రుతి మించితే పాత నోరూ కొత్త నోరూ రెండూ కనిపిస్తాయి. రాత్రి పదకొండింటికి గదిలో ఒంటరిగా కూర్చుని రెండు నోళ్ళ మావయ్యను చూడడం అంత సుఖమైన అనుభవం కాదు. పైగా ఆ నమూనా నేర్చుకున్నది 96 చుక్కల చదరంలో ఇమిడే ముఖాలతో. నేను దగ్గరినుంచి తీసిన 1080 దృశ్యాన్ని పెట్టి మీసాన్ని మసిచేశాను. తప్పు నాదే. 720కి కుదించాక కొంత నయమనిపించింది.

మావయ్య రెండు షరతులు పెట్టారు. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని వేరొకరి వీడియోకు అతికించిన సంగతి ఆయన పత్రికలో చదివారు. గొంతు తనదే ఉండాలి. ఈ ఒక్క మాటకే, ఈ ఒక్క చిత్రానికే అని మేము కాగితంమీద రాసివ్వాలి. రాసిచ్చాం.

ముఖం తిన్నగా, వెలుతురు నిండుగా ఉన్న మొదటి టేకును వాడాను. నోరు చక్కగా కుదిరింది. మావయ్య చూసి తల అడ్డంగా ఊపారు.

“కళ్ళు అమ్మేసినవాడివిరా. తెంచుకున్నవాడు అలా చూస్తాడు. ఇచ్చినవాడు చూడడు.”

కళ్ళు ఉన్న పైసగం నా చేతిలో లేదు. పనికిరాదని పక్కన పడేసిన నాలుగో టేకును తీశాను. మాట మరిచిపోయి నేలచూపులు చూస్తూ, కండువాతో మూతి తుడుచుకుని, తల ఎత్తి డైలాగు చెప్పిన టేకు అది. దవడ మీద నీడ. కండువా దిగిన క్షణం నుంచి నాకు దక్కినవి 41 ఫ్రేములు, సెకనున్నర పైచిలుకు. మాట అందులో పట్టింది. పైపెదవి దగ్గర అతుకు కొద్దిగా తెలుస్తుంది. తెలిసినవారు చూస్తే పట్టేస్తారు. మావాడు అదే ఉంచాడు.

మావయ్య మూడుసార్లు చూశారు.

“నేను మాట మరిచిపోయిన టేకే కదూ?”

“అవును మావయ్యా.”

ఏమీ అనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఊరికి బస్సు ఎన్నింటికని అడిగారు.