నికెల్ రేకులో తేలని లెక్క

పోయిన నెల విద్యానిధి కూటంలో ఒక దరఖాస్తు మీద చాలాసేపు మాటలు నడిచాయి. మన అమ్మాయి ఒకతె భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ ముగించింది. అయస్కాంతంలో ఎలక్ట్రాన్లు, వాటి స్పిన్‌లు అతివేగంగా ఎలా మారతాయో పరిశోధన చేయబోతోంది. "ఇంజనీరింగూ కాదు, డాక్టరూ కాదు, దీనికి నిధి ఎందుకు?" అని అడిగారు. నిధి లెక్కలు చూసే మేము ముగ్గురం ఆ అమ్మాయినే పిలిచి అడిగాం. బళ్ళో 'కాందం' అని తమిళంలో చదువుకున్నవాళ్ళం, మాకు అర్థమైనంత మట్టుకు రాస్తున్నాం.

అయస్కాంతాన్ని బాగా కాలిస్తే దాని శక్తి పోతుందని మనకు తెలుసు. నికెల్‌కు సుమారు 350 డిగ్రీలు చాలు. ఎంతసేపట్లో పోతుంది? 1996లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో బోర్‌పేర్, బిగో అనేవాళ్ళు, వాళ్ళ జతగాళ్ళు పలుచని నికెల్ పొర మీద 60 ఫెమ్టోసెకన్ల లేజర్ మెరుపు కొట్టి చూశారు. సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఫెమ్టోసెకను. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే వెలుతురు కూడా ఆ 60లో తలవెంట్రుక మందం దాటదు. వంద పికోసెకన్ల దాకా పడుతుందనుకున్న పని ఒక్క పికోసెకను లోపలే అయిపోయింది!

అంత చిన్న కాలాన్ని కొలిచే గడియారం ఎక్కడిది? మాకు బాగా నచ్చింది ఇదే. ఒకే మెరుపును రెండు చేస్తారు. ఒకటి నేరుగా పోయి కొడుతుంది, రెండోది అద్దాల దారిలో చుట్టు తిరిగి వెనకాల వచ్చి అయస్కాంతం ఎంత మిగిలిందో చూస్తుంది. అద్దాన్ని 3 మైక్రాన్లు వెనక్కి జరిపితే 20 ఫెమ్టోసెకన్లు ఆలస్యం. ఒక బండిని లూప్ లైనులో పెట్టి ఇంకోదాన్ని ముందు పంపినట్టే, రైల్వేలో పనిచేసిన మాకు చటుక్కున తెలిసిపోయింది.

అసలు తకరారు ఆ తరువాతే. స్పిన్ అనేది ఒక రకం తిరుగుడు లెక్క, దాన్ని కోణీయ ద్రవ్యవేగం అంటారు. అది ఊరికే మాయం కాదు. అయస్కాంతం పోయిందంటే ఆ లెక్క ఇంకో పద్దులో కనబడాలి. సాయంత్రం కౌంటరు మూసేటప్పుడు క్యాష్ టాలీ కాకపోతే ఇంటికి పోలేం కదా, వీళ్ళు ఇరవై ఏళ్ళకు పైగా టాలీ కాకుండానే కూర్చున్నారు. 2019లో ఇనుము మీద ఎక్స్‌రేలతో చూసినప్పుడు అది పరమాణువుల అమరికలోకి పోతోందని ఆధారం దొరికింది. 2022లో జర్మనీలోని కాన్‌స్టాంజ్‌వాళ్ళు నికెల్ మీద ఎలక్ట్రాన్ మెరుపులు పంపి, పరమాణువులే ఉన్నచోట చిన్న చిన్న గుండ్రాలు తిరుగుతున్నాయని చూపించారు.

ప్రయోజనం ఏమని అడిగేవారికి: కంప్యూటరు డిస్కులో రాత అంతా చిన్న చిన్న అయస్కాంతాలే. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో 2007లో ఒక మిశ్రలోహం మీద అయస్కాంత దిశను ఉత్త లేజర్ వెలుతురుతోనే తిప్పేశారు. అది అంగడికి ఇంకా రాలేదు, ఆ మాట దాచి పెట్టి నిధి అడగడం మాకు ఇష్టం లేదు.

ఆ అమ్మాయి అడిగింది ప్రయాణ ఖర్చూ, మొదటి నెల అద్దే. మేము ముగ్గురం ఇవ్వాలనే చెయ్యెత్తుతాం. ఆదివారం సాయంత్రం 5 గంటలకు కూటానికి తనే వస్తోంది. సందేహం ఉన్నవాళ్ళు నేరుగా అడగండి, తెలుగులోనే చెబుతుంది.