ఎండు రొయ్యల వేసవి

ఎండాకాలం కాలువలు కట్టేశాక మా గోదావరి డెల్టా ఊళ్ళో పచ్చి రొయ్య కంటికి కనబడేది కాదు. మడుగుల్లో మిగిలినవి పిల్లలు పట్టేసేవారు, ఆపైన బురద నెర్రెలిచ్చేది. సముద్రపు సరుకు ఐసు లేకుండా మా దాకా వచ్చేసరికి మెత్తబడిపోయేది. ఇక పులుసుకి ఎండు రొయ్యలే దిక్కు.

వాటిని నెత్తిన బుట్టలో పెట్టుకుని తీరం నుంచి ఒకావిడ వచ్చేది. సోలతో కొలిచి, బదులుగా ధాన్యం పోయించుకునేది.

"ఇసకేమన్నా ఉందేమిటే?" అనేది నాయనమ్మ.

"వల మీద ఎండేసినవమ్మా, ఇసకెక్కడిది?"

నాయనమ్మ నమ్మేది కాదు. తలా తోకా తుంచి, వట్టి బాణలిలో సన్నసెగ మీద వేయించేది. గలగలమన్నాక చేటలో పోసి నలిపితే కాళ్ళూ పొట్టూ ఊడొచ్చేవి, చెరిగితే ఎగిరిపోయేవి. తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో మూడు నాలుగు కడుగులు. గిన్నె అడుగున ఇసక దిగడం ఆగేదాకా వదిలేది కాదు.

ఎండు రొయ్యకి కండ తక్కువ. ఆ లోటు వంకాయ తీర్చేది. రొయ్యలోంచి దిగిన సారమంతా వంకాయ పీల్చుకునేది. పులుపుకి చింతపండు తీసేది కాదు. పెరట్లో కాయ ఉంటే మామిడికాయ, లేకపోతే చింతచిగురు. ఉప్పు మాత్రం ఆఖర్న, రుచి చూసి మరీ వేసేది. రొయ్యలో ఎంత ఉందో ముందే చెప్పలేం కదా.

2009లో వనామీ రొయ్యల సాగుకి అనుమతి వచ్చాక మా చుట్టూ చెరువులే. పన్నెండు నెలలూ పచ్చి రొయ్య దొరుకుతుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు సముద్రంలో వేట ఆపినా మా బజారుకి లోటు తెలియదు. బుట్ట ఆవిడ రావడం మానేసింది, ధాన్యం కొలిచే సోలా పోయింది. తోడికోడళ్ళ పిల్లలెవరికీ ఎండు రొయ్య చెరగడం రాదు.

వనామీని తీసిపారెయ్యను. వేపుడుకి బాగుంటుంది. పులుసులో మాత్రం ముక్క ముక్కగానే, రసం రసంగానే మిగులుతాయి. పచ్చి రొయ్య లేనప్పుడు ఎండు రొయ్య అని మొదలైన కూరే అయినా, నాకు అసలు రుచి ఇదే. ఇప్పటికీ చింతచిగురు రాగానే ఎండు రొయ్యలు వెతికి తెచ్చుకుంటాను. రాత్రి వండి, పొద్దున చద్దన్నంలో వేసుకుంటాను. అప్పటికి పులుసు బాగా ఊరి ఉంటుంది.