రక్తం పలచబడే మాత్ర

ఆముదం నీటికంటె మెల్లగా జారుతుంది. ద్రవంలో పొర మీద పొర కదిలేటప్పుడు పుట్టే ఈ లోపలి రాపిడికే స్నిగ్ధత అని పేరు. మన రక్తపు స్నిగ్ధత నీటికి సుమారు 3, 4 రెట్లు, ముఖ్యకారణం ఎర్రకణాలు. అవి మితిమీరి పెరిగే పాలిసైథీమియాలో రక్తం నిజంగానే చిక్కబడుతుంది. అప్పుడప్పుడు కొంత రక్తం తీసివేయడం అక్కడ ఒక చికిత్స.

ఆస్పిరిన్ సంగతి వేరు. దానిని ‘రక్తం పలచబడే మాత్ర’ అనడం వాడుక. నా దృష్టిలో అది మంచి పేరు కాదు. ఆ మాత్ర స్నిగ్ధతను తగ్గించదు. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కొని గడ్డకట్టకుండా అడ్డుపడుతుంది, అంతే. ‘రక్తం నీళ్లయిపోతోందండీ’ అంటూ, స్టెంట్ వేయించుకున్న కొద్ది నెలలకే దానిని మానివేసినవారిని చూశాను. అలా మానితే స్టెంట్‌లోనే గడ్డ ఏర్పడి మళ్లీ గుండెపోటు రావచ్చు. మలం నల్లగా వస్తే మాత్రం ఆలస్యం చేయక వైద్యునికి చూపించుకోండి.