లోనార్ అడుగున వానల లెక్క

నాందేడ్ దాటాక దారి పొడవునా నల్లరేగడే. పత్తి ఏరేసిన చేలు, మధ్య మధ్య పచ్చగా శనగ. మా ఆదిలాబాద్ వైపు నేలకూ దీనికీ తేడా తెలియదు. తెలియకపోవడంలో వింత లేదు, రెండూ సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గట్టిపడిన రాతి మీదివే. ఆ రాతిని ఒక ఉల్క వచ్చి ఛేదించిన చోటు చూడాలనే ఈ ప్రయాణం. బుల్ఢాణా జిల్లా, లోనార్.

ఊరి చివర గట్టెక్కగానే కాళ్లు ఆగిపోయాయి. దాదాపు 1.8 కిలోమీటర్ల వెడల్పున గుండ్రటి గొయ్యి, లోపలి వాలంతా అడవి, అట్టడుగున ఆకుపచ్చని నీళ్లు. దీని వయసు 50 వేల ఏళ్లని చాలాకాలం అనుకున్నారు. రాతిలోని ఆర్గాన్‌ను కొలిచాక అది సుమారు 5.7 లక్షల ఏళ్లకు పెరిగింది.

గోముఖం దగ్గర ఊట నీళ్లు ధారగా పడుతున్నాయి, జనం స్నానాలు చేస్తున్నారు. అక్కడి నుంచి కిందికి దిగుతుంటే కొండముచ్చులు, నెమళ్ల కేకలు, చెట్ల మధ్య పాడుబడ్డ గుళ్లు. గుళ్ల గురించే వేరే వ్యాసం రాయొచ్చు. నేను వచ్చింది నీళ్ల కింది బురద కోసం.

ఒడ్డున కుళ్లిన గుడ్ల వాసన ముక్కుపుటాలను తాకింది. నీరు వెనక్కి తగ్గిన చోట తెల్లటి ఉప్పు పొర. ఈ సరస్సులోకి వాననీరు, ఊటలు వస్తాయి. బయటికి పోయే దారి మాత్రం లేదు, ఎండకు ఆవిరి కావలసిందే. అందుకే నీళ్లు ఇంత ఉప్పన, ఇంత సోడా. వానలు బాగా పడిన ఏళ్లలో మట్టం పెరిగి ఉప్పు పలచబడుతుంది. వానలు ముఖం చాటేస్తే నీరు చిక్కబడి గేలుసైట్ అనే ఖనిజం స్ఫటికాలు కడుతుంది. సోడియం, కాల్షియం, కార్బనేట్, నీరు కలిసిన స్ఫటికమది. అది బురదలోనే ఉండిపోతుంది. దాని పైన మరో ఏటి మన్ను, ఆకులు, పుప్పొడి పేరుకుంటాయి.

మన పల్లె చెరువుల్లోనూ పూడిక పేరుకుంటుంది. ఎండాకాలంలో తవ్వి పొలాలకు తోలుకుంటాం. పొలానికి మంచిదే, పొరల వరస మాత్రం మిగలదు. లోనార్ అడుగును ఎవరూ అలా తవ్వలేదు. జర్మనీలోని పోట్స్‌డామ్ శాస్త్రవేత్తలు, మన దేశపు శాస్త్రవేత్తలు కలిసి ఇక్కడి నుంచి సుమారు 10 మీటర్ల పొడవున బురదను గొట్టంతో పైకి తీశారు. పదకొండు వేల ఏళ్లకు పైబడిన కాలం అందులో పొరలు పొరలుగా దొరికింది. పొరల వయసును రేడియోకార్బన్‌తో కట్టారు. అందులోనూ ఒక చిక్కుంది. సరస్సు నీటిలో పాత కార్బన్ కలిసి ఉంటే వయసు ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. గట్టు మీది చెట్టు నుంచి రాలిన ఆకు దొరికితే ఆ బెడద తక్కువ.

2014లో ప్రచురించిన ఆ పరిశోధన రెండు దీర్ఘమైన కరువు కాలాలను గుర్తించింది. మొదటిది 4,600 నుంచి 3,900 ఏళ్ల కిందటి వరకు, రెండోది 2,000 నుంచి 600 ఏళ్ల కిందటి వరకు. ఒడ్డున నిలబడి ఈ అంకెలు తలచుకుంటే గుండె ఝల్లుమంది. మొదటి దాని చివరికి సింధు లోయ నగరాలు క్షీణదశలో పడ్డాయి. రెండోదాని చివరి భాగంలోనే మన కాకతీయులు రామప్ప, పాకాల వంటి చెరువులు కట్టారు. ఆ కరువే చెరువులు కట్టించిందని బురద చెప్పదు, నేనూ చెప్పను. కానీ వానను నమ్ముకోలేని కాలంలోనే ఆ గట్లు లేచాయన్నది నా మనసు వదలడం లేదు.

ఇది ఒక్క గొయ్యి కథేనా అంటే కాదు. గోదావరి బంగాళాఖాతంలో కలిసే చోటికి ఎదురుగా, సముద్రం అడుగు నుంచి తీసిన మట్టిలో ఆకుల మైనపు జాడలను 2012లో ప్రచురించిన మరో పరిశోధన చదివింది. సుమారు 4,000 ఏళ్ల కిందట మొదలై 1,700 ఏళ్ల కిందటి వరకు, ఈ నది పరీవాహకంలో ఎండకు తట్టుకునే మొక్కలు క్రమంగా పెరిగాయని అది చెబుతోంది. తేదీలు అచ్చంగా కలవకపోయినా, నేల ఎండిన తీరు రెండు చోట్లా కనిపిస్తోంది.

లోనార్ 2020లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. ఆ ఏడు జూన్‌లో నీళ్లు గులాబి రంగుకు మారితే దేశమంతా చూసింది. నీటి రంగును చూసినంత శ్రద్ధగా దాని అడుగునూ చూడాలి. మన వాతావరణ శాఖ పుట్టింది 1875లో. దాని లెక్కలు ఎంత విలువైనవైనా 150 ఏళ్లవే. ఆ లెక్కల్లో ఏడు వందల ఏళ్ల కరువు లేదు, ఉండే వీలూ లేదు. గోదావరి నీళ్లను పంచేవాళ్లు, ప్రాజెక్టుల కాగితాలు గీసేవాళ్లు లోనార్ బురద చెప్పిన లెక్కను కూడా పక్కన పెట్టుకుని కూర్చోవాలని నా మనవి.